కిటికీ బయట నలభై సెకన్లు

హోసూరు బాగలూరు రోడ్డులోని ఫొటో స్టూడియో షట్టరు రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి శోభనే ఎత్తేది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, సామి పటానికి ఊదుబత్తి వెలిగించి, కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు కోయడం మొదలుపెట్టేది. పెళ్ళికూతురి మేనత్త ఆవులించిన చోటు కోసెయ్యాలి. వడ్డన దగ్గర వియ్యంకులు మాటా మాటా అనుకున్న చోటు కోసెయ్యాలి. మిగిలిన దానికి పాట అతికించి పెన్‌డ్రైవులో వేసి ఇచ్చెయ్యాలి. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. హోసూరులో సగం కాపురాలు తన చేతి చలవ వల్లే అంత సంతోషంగా మొదలైనట్టు కనిపిస్తాయని ఆమె అనుకునేది. అందులో అబద్ధమేమీ లేదు.

కానీ ఆమె మనసు పెళ్ళిళ్ళ మీద లేదు, డాక్యుమెంటరీల మీద ఉంది. ఐదు నిమిషాలవీ, పది నిమిషాలవీ. ఒక ఊరి మనుషులు తామెలా బతుకుతున్నారో, తమ భాష తెలియని ఇంకో ఊరి మనుషులకి చూపించుకునే చిన్న చిన్న సినిమాలు. వాటికోసం రెండేళ్ళు ఆదివారాలు బెంగుళూరు పోయి నేర్చుకుంది. కృష్ణగిరిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ మీద ఒకటి, సూళగిరిలో కొత్తిమీర లారీలకి ఎత్తే కూలీల మీద ఒకటి తీసింది. వెలుగు సరిగ్గా పడింది, శబ్దం స్పష్టంగా వచ్చింది, చెయ్యి ఎక్కడా వణకలేదు. చూసినవాళ్ళందరూ "బాగుందమ్మా" అన్నారు. అని ఫోను పక్కన పెట్టేశారు. ఆ ఒక్క మాట వినీ వినీ శోభన, "బాగుంది" అంటేనే ఒళ్ళు మండే దశకి వచ్చింది.

అసలు మంట వేరే ఉంది. ఆ మంట పేరు ఇంద్రాణి.

ఇంద్రాణి శోభనకి తోడికోడలు. శోభన మొగుడు రాజప్ప హోసూరులో ఫ్యాక్టరీ పనికి వచ్చేస్తే, అతని తమ్ముడు అంజినప్ప, పెళ్ళాం ఇంద్రాణితోనూ తల్లి అంగాళమ్మతోనూ డెంకణికోట దగ్గర అడవి అంచున సొంత ఊళ్ళోనే ఉండిపోయాడు. వాళ్ళది పట్టుపురుగుల పెంపకం. ఇంద్రాణి దగ్గర ఒక పాత ఫోను ఉంది, మూలన అద్దం పగిలింది. దాంతో ఏది తోస్తే అది తీసి చుట్టాల గ్రూపులో పెట్టేది. వెలుగు లేదు, తీరు లేదు, సగం వీడియోల్లో ఆమె బొటనవేలే అడ్డం ఉండేది. కానీ ఇంద్రాణి తీసింది చూస్తే, తీసేటప్పుడు ఆమె చేతికి ఏమి తెలిసిందో చూసేవాళ్ళ చేతికీ అదే తెలిసేది. మార్గశిరంలో బావినీళ్ళు చేదే వీడియో పెడితే కల్లావిలో ఉన్న వాళ్ళ పిన్నమ్మకి వేళ్ళు కొంకర్లు పోయాయి. మిరపకాయలు తొడిమెలు తీసే వీడియో చూశాక ఇళ్ళల్లో ఎవరూ చెయ్యి కంటికి తగలనిచ్చేవాళ్ళు కాదు. పనసకాయ కోసేటప్పుడైతే ఆమే ముందు జాగ్రత్తగా రాసింది, చూసేముందు చేతికి నూనె రాసుకోండి అని. చుట్టాలు రాసుకున్నారు, చూశారు, చేతులు తుడుచుకుని పనుల్లో పడ్డారు. ఒకరి వంటలో కమ్మదనం ఉంటుంది, ఒకరి చేత్తో పెట్టిన మొక్క బతుకుతుంది, ఇంద్రాణి వీడియో తగులుతుంది. దాని గురించి కూర్చుని మాట్లాడుకునేంత తీరిక ఎవరికుంది?

శోభనకి ఉండేది. ఆ మిరపకాయల వీడియో రాజప్ప నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ చేతులు కడుక్కున్నాడు. తన కొత్తిమీర సినిమా ఒక్కసారి చూశాడు, అదీ అన్నం తింటూ. ఆ లెక్క ఆమె మరిచిపోలేదు.

హోసూరులో "ఊరికి ఊరు" అని ఒక చిన్న సంఘం ఉంది. నడిపేది మోహన్‌రాజ్, రిటైరైన స్కూలు మాస్టారు. ఏడాదికోసారి ఇక్కడి ఒక ఊరికీ దేశం కాని దేశంలో ఒక ఊరికీ జత కలుపుతాడు. ఇక్కడిది ఎనిమిది నిమిషాల సినిమా అక్కడికి పోతుంది, అక్కడిది ఇక్కడికి వస్తుంది. రెండు ఊళ్ళూ ఒకే రోజు కూర్చుని రెండూ చూస్తాయి. వెనక నుంచి మాట చెప్పడం ఉండదు. ఇక్కడి సినిమా తీసిన మనిషి నెలరోజులు ఆ ఊరికి పోయి, అక్కడ ఇంకో సినిమా తీసుకుని రావచ్చు. ఈ ఏడు జత బల్గేరియాలో ఒక కొండ ఊరు. ఒకప్పుడు వాళ్ళూ పట్టుపురుగులు పెంచేవాళ్ళట. ఇప్పుడు మానేశారు. ఇంకా పెంచేవాళ్ళు ఎలా పెంచుతున్నారో చూడాలని అడిగారు.

ఆ మాట వినగానే శోభన కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె పాస్‌పోర్టు చేయించుకుని మూడేళ్ళయింది. బీరువాలో పట్టుచీరల మధ్య అది ఊరికే పడి ఉంది. పోవాలి, తనే పోవాలి. ఇది తప్పిపోతే మిగతా బతుకంతా ఆవులింతలు కోసుకుంటూ కూర్చోవడమే.

శనివారం స్టూడియో కెమెరా తీసుకుని డెంకణికోట బస్సెక్కింది. అత్తింటికి పోయేసరికి పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఐదు రోజులయింది. పురుగు కుబుసం విడిచేముందు మేత మాని పడుకోవడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగోసారి లేచిన పురుగు వారం రోజులు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా తింటుంది. అవి ఆకు నమిలే చప్పుడు షెడ్డు బయటికి వానపడుతున్నట్టు వినిపిస్తోంది. అంగాళమ్మ గుమ్మంలో నిలబడి కోడల్ని చూసి ముక్కు ఎగబీల్చింది.

"సెంటు పూసుకోనుండావు. పురుగులకి ఆగదు. రేపు రా."

మర్నాడు శోభన సబ్బు కూడా లేకుండా తలస్నానం చేసి, పౌడరు మానేసి, ఇంద్రాణి పాతచీర కట్టుకుని వచ్చింది. గుమ్మం ముందు మందునీళ్ళలో కాళ్ళు కడుక్కుంది. అంగాళమ్మ ఆమె కళ్ళలోకి కాసేపు చూసింది, గుమ్మంలోంచి పక్కకి జరగలేదు.

"వద్దమ్మా."

"ఇంక ఏమత్తా? సెంటు లేదు, పౌడరు లేదు."

"నీ చూపులో ఆకలుండాది శోభనా. అవి తినేటప్పుడు ఆకలిగొన్నోళ్ళు చూడకూడదు. ఈ నాలుగు రోజులు పోనీ."

ఆ ఇంట్లో అది ఆచారం. కడుపుతో ఉన్నవాళ్ళనీ, ఎండలో నడిచి వచ్చినవాళ్ళనీ, అలిగి ఉన్నవాళ్ళనీ ఆ వారం లోపలికి రానివ్వరు. ఇందులో శోభనని అవమానించాలనేమీ లేదు. కానీ లోపల ఇంద్రాణి ఆ సమయానికే మల్బరీ కొమ్మలు పరుస్తూ, నడుమ చెయ్యి తుడుచుకుని, జాకెట్లోంచి ఆ పగిలిన ఫోను తీసి పురుగుల మీద పెట్టి ఏదో తీసుకుంటోంది. ఎవరూ అడగకుండానే, ఎవరూ నేర్పకుండానే.

శోభన షెడ్డు చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి పోయింది. ఈగలు రాకుండా కొట్టిన సన్నటి వల ఉంది. వలకి కెమెరా ఆనించింది. లోపల అంగాళమ్మ పండిన పురుగుని ఏరి ఇంద్రాణి అరచేతిలో పెడుతోంది. ముందుగా పండినవి నాలుగో ఐదో ఉంటాయి. పండిన పురుగు మేత మానేసి, ఒళ్ళంతా అద్దంలా అయిపోయి, తల ఎత్తి చోటు వెతుక్కుంటుంది. ఇంద్రాణి వాటిని, గూళ్ళు అల్లుకునేందుకు పెట్టే వెదురు తడక, చంద్రిక మీదికి ఒక్కొక్కటిగా ఎక్కించింది. అత్త ఏదో అంది. కోడలు నవ్వింది. శోభన నలభై సెకన్లు తీసింది. ఎప్పుడూ కెమెరా పట్టుకుంటే వెలుగు ఎలా ఉంది, మనిషి మధ్యలో ఉన్నాడా లేదా అన్నది తప్ప ఆమె చేతులకి ఇంకేదీ తెలిసేది కాదు. ఆ రోజు వెలుగు సంగతి చూసుకోలేదు.

రెండు వారాలకి మోహన్‌రాజ్ పట్టుపురుగుల పెంపకం చూడడానికి వాళ్ళ ఊరికి వచ్చాడు. అంజినప్ప కాఫీ ఇచ్చి, మాటల మీద పెళ్ళాం తీసిన వీడియోలు చూపించాడు. మాస్టారు మూడు నిమిషాలు చూసి, ఒళ్ళో ఏదో పాకుతున్నట్టు చేతులు పైకెత్తుకుని, మిగతాది కూడా చూశాడు. ఆ సాయంత్రమే స్టూడియోకి ఫోను చేశాడు.

"శోభనమ్మా, ఈ ఏడు ఇంద్రాణిది పంపుదామనుకున్నాను. గంటన్నర ఉండాది. ఎనిమిది నిమిషాలకి కోసేదానికి నీకంటే మంచి చెయ్యి యాడుండాది?"

"సరే సార్," అంది శోభన. అంతకంటే ఏమంటుంది? ఫోను పెట్టేసి బాత్‌రూములోకి పోయి కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. తను నేర్చుకుంది, తను ఖర్చుపెట్టింది, తను కలలు కంది. ఆ ఇంద్రాణికి ఫోకస్ అంటే ఏమిటో కూడా తెలియదు. రాత్రి ఇంద్రాణి ఫోను చేసి, "అక్కా, నాకు పాస్‌పోర్టు కావాలంట గదా, ఎట్ల చేసుకునేది?" అని అడిగినప్పుడు శోభన కాగితాలన్నీ ఓపిగ్గా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఒక్కటైనా దొరక్కపోతే బాగుండునని కోరుకుంది.

ఐదు రోజులు కోసింది. ఇంద్రాణి తీసింది తెర మీద ఆడుతున్నంతసేపూ వేళ్ళ సందుల్లో చల్లగా, మెత్తగా పురుగులు నడిచేవి. ఆకు తడి అంటేది. మాటిమాటికి మౌసు వదిలి చెయ్యి చీరకి తుడుచుకోవలసి వచ్చేది. అంత బాగా ఉన్నందుకు ఇంకా కడుపు రగిలేది. చివర్లో ఇంద్రాణి, అరచేతిలోని పండిన పురుగుని చంద్రిక మీదికి వదిలే చోటు ఉంది. అది ఆడినప్పుడు చేతిలోంచి ప్రాణం ఉన్నదేదో తనంతట తను దిగిపోయి, చెయ్యి ఖాళీ అయినట్టు ఉండేది. అంత మంచి ముగింపు శోభన ఎక్కడా చూడలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం, స్టూడియోలో ఎవరూ లేనప్పుడు, ఆ ముగింపు కోసేసింది. దాని చోట కిటికీ బయట నుంచి తను తీసిన నలభై సెకన్లు అతికించింది. తన బొమ్మలు ఎవరికీ తగలవని ఆమెకి తెలుసు. అందుకే పెట్టింది. ఏడు నిమిషాలు చేతుల్లో పురుగుల్ని మోసినవాళ్ళకి చివరికి వచ్చేసరికి ఏమీ తెలియకూడదు, సినిమా చప్పగా ఆరిపోవాలి, "బాగుంది" అని లేచిపోవాలి. ఒకసారి మొత్తం వేసి చూసుకుంది. ఆఖరి నలభై సెకన్లలో కొత్తగా ఏమీ అనిపించలేదు. తనలో ఉన్నదే తనకి తగిలితే తెలిసేదెలా?

ఆదివారం మధ్యాహ్నం మూడుగంటలకి హోసూరులో ఒక కల్యాణమంటపం అద్దెకి తీసుకున్నారు. ఊరి నుంచి రెండు ట్రాక్టర్లలో జనం వచ్చారు. గోడకి రెండు తెరలు. ఒకదాంట్లో సినిమా, ఇంకోదాంట్లో బల్గేరియా ఊరివాళ్ళు, పాత బడిగదిలో బెంచీల మీద కూర్చుని. వాళ్ళకి అప్పుడే మధ్యాహ్నం భోజనాల వేళ. ముందు వాళ్ళ సినిమా వేశారు. ఒక ముసలాయన అక్రోటు కాయల పచ్చితొక్క ఒలుస్తుంటాడు, నల్లబడిన వేళ్ళు మనవరాలికి చూపించి భయపెడుతుంటాడు. మనవాళ్ళు నవ్వారు. తరవాత ఇంద్రాణిది మొదలైంది.

అక్కడా ఇక్కడా జనం అరచేతులు తెరిచి ఒళ్ళో పెట్టుకున్నారు. బల్గేరియా ముసలమ్మ ఒకామె కళ్ళు మూసుకుని వేళ్ళు మెల్లిగా ఆడిస్తోంది. ఎప్పుడో చిన్నప్పుడు ఆ పని చేసి ఉంటుంది. ముందు వరసలో అంగాళమ్మ పక్కన ఇంద్రాణి కొత్తచీర కట్టుకుని కూర్చుంది. శోభన గోడకి ఆనుకుని నిలబడి, ఏడో నిమిషం కోసం ఎదురుచూసింది.

కిటికీ వల తెర మీదికి వచ్చింది.

మంటపంలో మొదట ఎవరికీ అర్థం కాలేదు. చేతుల్లోంచి పురుగులు పోయాయి, చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆ ఖాళీ చేతులతో ప్రతి మనిషీ ఒక కిటికీ బయట నిలబడి ఉన్నాడు. లోపల తనకి రావలసింది ఇంకొకరి అరచేతిలో పెడుతున్నారు. వాళ్ళు అడగను కూడా లేదు. వాళ్ళు నవ్వుతున్నారు. అంజినప్పకి అన్న చదువు గుర్తొచ్చింది. రాజప్పకి తమ్ముడి పొలం గుర్తొచ్చింది. మోహన్‌రాజ్ మాస్టారు, తనతో పాటు చేరి హెడ్‌మాస్టరైన మనిషి ముఖం ముప్ఫై ఏళ్ళ తరవాత అంత స్పష్టంగా చూసి, కళ్ళజోడు తీసేశాడు. రెండో తెరలో కూడా ఎవరూ కదలడం లేదు. అప్పుడు ఆ కళ్ళు మూసుకున్న ముసలమ్మ లేచి, బెంచీల చివరనున్న ఇంకో ముసలమ్మ దగ్గరికి పోయి నిలబడింది. ఏదో అంది. కూర్చున్నామె జరిగి చోటిచ్చింది. వాళ్ళేమనుకున్నారో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎవరూ అడగనూ లేదు.

దీపాలు వెలిగాక ఇంద్రాణి తిన్నగా శోభన దగ్గరికి వచ్చింది.

"ఆ కడాకు ఉండేది నా చెయ్యి కాదక్కా."

"కాదు."

"నాది కోసేసినావు."

"కోసినాను. నీ సినిమా చెడిపోవాలనే కోసినాను ఇంద్రా." ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. రెండు ఊళ్ళు చూసేశాయి.

ఇంద్రాణి ముఖం ఎర్రబడింది. కొట్టేలాగే ఉంది. తరవాత గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "ఇంత ఉండాదా నీకు నా మీద?" అంది. శోభన తల ఊపింది. "పెండ్లయి వచ్చినప్పటి నుంచీ నిన్ను అక్కా అక్కా అంటా తిరిగినాను. నాకు తెలియనే లేదు," అని ఇంద్రాణి తిరిగి ట్రాక్టరు దగ్గరికి పోయింది.

పదిరోజులకి బల్గేరియా నుంచి ఉత్తరం వచ్చింది. మోహన్‌రాజ్ శోభననీ వెంటబెట్టుకుని ఊరికి వచ్చి, అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్పాడు. "ఆ కిటికీ బయట నిలబడిన మనిషిని పంపండి అంటా ఉండారు. పట్టుపురుగుల సంగతి వాళ్ళకి తెలుసునంట, వాళ్ళ అమ్మమ్మలు పెంచినవే. ఆ రెండోది, ఆ కడుపుమంట మాత్రం వాళ్ళలో ఎవురూ ఇంతవరకు పైకి చెప్పుకోలేదంట. ఒక్కరికే టిక్కెట్టు."

శోభన తల ఎత్తలేదు. "సినిమా ఇంద్రాణిది సార్. ఆమే పోవాల," అంది. నోటితో అన్నది. లోపల మాత్రం ఆ మాట ఎవరూ ఒప్పుకోకూడదని ఇలవేల్పుకి మొక్కుకుంటోంది.

ఇంద్రాణి పాస్‌పోర్టు ముందురోజే పోస్టులో వచ్చింది. అది ఇంకా కవరులోనే, కిటికీ గూట్లో ఉంది. ఆమె దానివైపు చూసి, అత్తవైపు చూసింది.

"పిలిచినోళ్ళు ఎవురిని పిలిచినారో వాళ్ళే పోవాల," అంది అంగాళమ్మ. "పిలవనింటికి ఎట్ల పోతారు?"

"ఆకు కోసే టైమయింది," అని ఇంద్రాణి లేచి కొడవలి తీసుకుని పోయింది.

వీసా రావడానికి రెండు నెలలు పట్టింది. పోయేరోజు పొద్దున హోసూరు బస్టాండుకి రాజప్ప వచ్చాడు. ఇంద్రాణి కూడా మొగుడి బండి మీద వచ్చింది. రాగిమురుకుల డబ్బా ఒకటి శోభన సంచిలో పెట్టింది. ఎక్కువ మాట్లాడలేదు. బస్సు కదిలేటప్పుడు ఫోను పైకెత్తి తీసింది. కిటికీ సీట్లోంచి శోభన చెయ్యి ఊపింది.

బస్సు అత్తిబెలె దాటేలోపే ఆ వీడియో గ్రూపులోకి వచ్చింది. శోభన తెరిచింది. తనే ఉంది అందులో, కొత్త చుడీదారులో, మెట్టెక్కుతూ, లోపలికి పోయి కూర్చుని నవ్వుతూ. ఆ నవ్వు చూస్తుండగానే ఆమె అరచేతులు ఖాళీ అయిపోయాయి. రొమ్ములో పోటు మొదలైంది. వీడియోలో బస్సెక్కి కూర్చున్న ఆ ఆడమనిషిని చూస్తే లాగి కింద పడెయ్యాలనిపించింది. శోభనకి ఆ నొప్పి కొత్త కాదు. అందులో ప్రతి గదీ, ప్రతి మూలా ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఇంద్రాణి మీద ఆమెకి మంట రాలేదు.

ఫోను చేసింది.

"ఇంద్రా, చూసినాను."

అవతల బండి చప్పుడులో ఇంద్రాణి గొంతు వినిపించింది. "నవ్వుతా పంపించాలనే వచ్చినానక్కా. చేతికి చెప్తే ఇనలేదు."

"దీన్ని మోహన్‌రాజ్ సార్‌కి పంపనా? ఆడ ఊళ్ళో కూడా చూపిస్తాను. ఆ ముసలమ్మలకి."

"అందురికీ తెలిసిపోతుంది."

"తెలుస్తుంది. నాది తెలిసింది గదా. రమ్మన్నారు."

ఇంద్రాణి ముక్కు ఎగబీల్చుకుంది. ఏడుస్తోందో జలుబో చెప్పడం కష్టం.

"పంపు," అంది చివరికి. "ఒక్క ముక్క కొయ్యొద్దు. పేరు నాదే వెయ్యి."

"నీదే వేస్తాను," అంది శోభన. ఎయిర్‌పోర్టు రాకముందే పంపించేసింది.